బెర్నీ శాండర్స్ రెండోసారి పోటీ: ఒకే ఇంట్లో రెండు ఓట్లు, ఎటు వేయాలి?

మూడులాంతర్లు (విజయనగరం), 2020 జనవరి 26

సభ్యులందరికీ నమస్కారం. నేనూ మావారూ చాలా ఏళ్లు న్యూజెర్సీలో ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకున్న తరువాత, మా అత్తగారిని చూసుకోవడం కోసం విజయనగరం తిరిగి వచ్చాము. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుల మీద ఉంటున్నాము కనుక ఇక్కడి ఎన్నికల్లో మాకు ఓటు లేదు. అమెరికా ఎన్నికల్లో ఉంది. ఈ ఏడాది అధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోసం వెర్మాంట్ సెనేటర్ బెర్నీ శాండర్స్ 2016 తరువాత రెండోసారి పోటీ చేస్తున్నారు. విదేశాల్లో నివసించే డెమొక్రాట్ల కోసం ఆ పార్టీకి డెమొక్రాట్స్ అబ్రాడ్ అనే విభాగం ఉంది. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగును, అంటే ప్రైమరీని, అది మార్చి 3 నుంచి 10 వరకు సొంతంగా జరుపుతుంది, ఓటును ఈమెయిల్‌లో కూడా పంపవచ్చు. అందులో వేస్తే జూన్‌లో జరిగే న్యూజెర్సీ ప్రైమరీలో మళ్లీ వేయకూడదు.

ఈసారి మార్చిలోనే వేయాలని మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చాము. కారణం 2016 నాటి అనుభవం. ఆ ఏడాది జూన్ 7న మా ప్రైమరీ. ముందురోజు రాత్రే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, శాండర్స్ ప్రత్యర్థి హిల్లరీ క్లింటన్‌కు సరిపడా డెలిగేట్లు (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు) సమకూరారని ప్రకటించింది. ఆ లెక్కలో ప్రజలు ఎన్నుకోని సూపర్ డెలిగేట్లను, అంటే పార్టీ పెద్దలను, కూడా కలిపారు. మరునాడు ఉదయం శాండర్స్‌కు ఓటు వేయడానికి వరుసలో నిలబడినప్పుడు, బంతి లేచిపోయిన తరువాత విస్తరి ముందు కూర్చున్నట్లు అనిపించింది. ఆ బాధ ఇంకా పోలేదు.

ఎవరికి వేయాలన్న దగ్గరే అభిప్రాయభేదం వచ్చింది. నాలుగేళ్ల క్రితం మా ఇంట్లో రెండు ఓట్లూ శాండర్స్‌వే. ఈసారి మావారు అదే పార్టీ అభ్యర్థిత్వానికి పోటీపడుతున్న మసాచుసెట్స్ సెనేటర్ ఎలిజబెత్ వారెన్ వైపు ఉన్నారు. ఆయన వాదన ఇది. శాండర్స్ 1941 సెప్టెంబరులో పుట్టారు, గెలిచినా ప్రమాణస్వీకారం నాటికి 79 ఏళ్లు ఉంటాయి. గత అక్టోబరులో లాస్ వేగాస్‌లో గుండెపోటు వచ్చి రెండు స్టెంట్లు వేశారు. ఆయన 2016లో ఎత్తుకున్న విషయాలను ఇప్పుడు మరొకరు, అదీ దివాలా చట్టాన్నీ బ్యాంకుల వ్యవహారాలనూ జీవితకాలం చదివిన మనిషి, ఎత్తుకున్నప్పుడు ఆయన పక్కకు జరిగి ఉండవలసింది, రెండోసారి నిలబడి మన ఓట్లనే చీలుస్తున్నారు.

నాకు ఈ మాట సులువుగా కొట్టివేయదగినదిగా కనిపించడం లేదు. 2016 ప్రచారంలో పనిచేసిన మహిళలు కొందరు వేధింపుల గురించీ జీతాల తేడాల గురించీ ఫిర్యాదు చేశారు, ఆయన నిరుడు జనవరిలో క్షమాపణ చెప్పారు. మహిళ గెలవలేదని 2018 డిసెంబరులో శాండర్స్ తనతో అన్నారని వారెన్ ఈ నెలలో చెప్పారు, అలా అనలేదని ఆయన అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తేల్చుకోలేక మూడు రోజులు నిద్ర పట్టలేదు. అయినా చేయి ఆయన వైపే పోతోంది. ఒకసారి ఓడిన పెద్దమనిషి అదే ఆశయంతో మళ్లీ నిలబడటం న్యాయమా, లేక తరువాతి వారికి దారి ఇవ్వడం న్యాయమా? అభ్యర్థి ఎంపిక ఫిబ్రవరి 3న అయోవా రాష్ట్రంలో మొదలవుతుంది. మన ప్రాంతపు రాజకీయాలు ఎరిగిన పెద్దలు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

నాగావళి తీరం (శ్రీకాకుళం), జనవరి 27

అమ్మా, నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. మీ ప్రశ్నలో 'రెండోసారి' అన్న మాట దగ్గర ఆగాలని నా మనవి, ఎందుకంటే శాండర్స్ జీవితంలో ఇది రెండోసారి కాదు. 1970ల్లో లిబర్టీ యూనియన్ అనే చిన్న పార్టీ తరఫున వెర్మాంట్‌లో సెనేట్‌కు రెండుసార్లు, గవర్నరు పదవికి రెండుసార్లు నిలబడి నాలుగుసార్లూ ఓడిపోయారు. 1981లో బర్లింగ్టన్ మేయరుగా గెలిచింది 10 ఓట్ల తేడాతో. తరువాత 1986లో గవర్నరు పదవికీ, 1988లో ప్రతినిధుల సభకూ పోటీ చేసి ఓడి, 1990లో అదే ప్రతినిధుల సభకు గెలిచారు. మళ్లీ నిలబడటం తప్పని ఎవరైనా ఆయనకు 1976లో నచ్చచెప్పి ఉంటే మనం ఈ రోజు ఆ పేరే విని ఉండేవాళ్లం కాదు.

ఆ దేశపు సోషలిస్టులకు ఇది పాత సంప్రదాయం కూడా. యూజీన్ డెబ్స్ 1900 నుంచి 1920 వరకు ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఐదోసారి యుద్ధాన్ని వ్యతిరేకించిన నేరానికి అట్లాంటా జైలులో ఉండి 9 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. గెలుస్తానని ఆయన అనుకున్నాడని నేను అనుకోను. ప్రతి పోటీ ఒక పాఠశాల. శాండర్స్ 2013లో అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా బిల్లు పెట్టినప్పుడు సెనేట్‌లో సంతకం కలిపిన తోటి సభ్యుడు ఒక్కడూ లేడు. 2017 సెప్టెంబరులో పెట్టినప్పుడు 16 మంది కలిశారు, వారిలో వారెన్ కూడా ఉన్నారు. ఆ మధ్యలో జరిగింది 2016 పోటీయే. మీవారు మెచ్చుకుంటున్న వారెన్ గారి వేదికకు పునాది వేసిన మనిషిని, పునాది పూర్తయింది కనుక వెళ్లిపొమ్మనడం నాకు మింగుడుపడటం లేదు.

గేటు మీటింగు (విజయనగరం జిల్లా), జనవరి 28

మాస్టారి మాట మీద గౌరవం ఉంచుకునే విభేదిస్తున్నాను. నేను ఈ జిల్లాలోని ఒక జూట్ మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మా యూనియన్‌కు ఒకే నాయకుడు. నిజాయితీపరుడు, మూడు లాకౌట్లలో కార్మికుల పక్కన గేటు దగ్గరే పడుకున్న మనిషి. ప్రతి యూనియన్ ఎన్నికలోనూ ఆయనే నిలబడేవాడు, మేమే నిలబెట్టేవాళ్లం, ఎందుకంటే ఆయన లేకపోతే యాజమాన్యం దగ్గర మాట చెల్లదని మా భయం. ఆయన మంచాన పడిన ఏడాదిలో ఒప్పందం గడువు ముగిసింది, చర్చలకు కూర్చోవడానికి అలవాటు పడిన రెండో మనిషి మా వైపు లేడు. బోనస్ పోయింది, ఒకరి బదులు పనిచేసే బదిలీ కార్మికులను పర్మినెంటు చేసే మాట పోయింది. తప్పు ఆయనది అనడం లేదు. ఆయన మీద అంత బరువు పెట్టిన మాది.

అమెరికాలో వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ అనే సంస్థ ఉంది, యూనియన్ల నుంచి పుట్టినది. 2016లో వారు శాండర్స్‌ను బలపరిచారు. నిరుడు సెప్టెంబరులో వారెన్‌ను బలపరిచారు, ఆమెకు సుమారు 61 శాతం, ఆయనకు సుమారు 36 శాతం వచ్చాయి. వారు ఆయనకు శత్రువులైపోయి ఆ పని చేయలేదు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థను ఊహించి, చట్టంలోకి తెచ్చి, కట్టి నిలబెట్టిన అనుభవం వారెన్ గారిది. 5 కోట్ల డాలర్లు దాటిన ఆస్తి మీద ఏటా 2 శాతం పన్ను అని ఆమె చెప్పినప్పుడు, ఆ పన్ను ఎలా వసూలు చేయాలో కూడా రాసి చూపించారు. పోరాడే మనిషి వేరు, ఒప్పందాన్ని అక్షరం అక్షరం రాసుకొచ్చే మనిషి వేరు, చర్చల గదిలో రెండో మనిషి లేక నష్టపోయినవాడిగా చెబుతున్నాను. మీవారి ఓటు మంచి ఓటమ్మా.

నాగావళి తీరం, జనవరి 28

ఒక్క సవరణ. ఆ పార్టీ ఓటింగులో సగం బరువు జాతీయ కమిటీది, సగం సభ్యులది, మద్దతుదారులది. రెండు సగాల్లో ఎవరికి ఎంత వచ్చిందో వారు విడిగా ప్రకటించలేదు, అక్కడ పెద్ద గొడవ జరిగింది దాని మీదే. యూనియన్ మనిషిగా ఆ లెక్క బయటపెట్టమని మీరే ముందు అడుగుతారని నా నమ్మకం.

గేటు మీటింగు, జనవరి 28

అడుగుతాను మాస్టారూ. బయటపెట్టి ఉండవలసింది.

ఉద్దానం నర్సు (పలాస వైపు), జనవరి 30

నైట్ డ్యూటీ ముగించుకుని రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. నేను డయాలసిస్ విభాగంలో పనిచేస్తాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఏమిటో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి తోటల్లోనూ జీడి తోటల్లోనూ పనిచేసే మనిషి మా మంచం మీదకు వచ్చేటప్పటికి కిడ్నీలు దాదాపు ఉండవు. అంతకు ముందు ఐదారేళ్లు కాళ్ల వాపును పని అలసటే అనుకుని, కూలి పోతుందని పరీక్షకు రాకుండా గడిపి ఉంటాడు.

అమెరికా విషయం నాకు ఆసక్తి కలిగించింది ఈ జబ్బు వల్లనే. అక్కడ 65 ఏళ్లు దాటినవారికి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుందని అందరికీ తెలుసు. 1972లో చేసిన చట్టసవరణ ప్రకారం కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవారికి దాదాపుగా ఏ వయసులోనైనా మెడికేర్ వర్తిస్తుందన్నది చాలామందికి తెలియదు. ఒక జబ్బుకు మాత్రం ఆ దేశం వయసు చూడకుండా ఖర్చు భరిస్తానన్నది. అది గొప్ప విషయమే. కానీ ఆలోచించండి, కిడ్నీ చెడిపోయిన తరువాత ప్రభుత్వం వస్తుంది. చెడిపోకుండా కాపాడే షుగరు మందులకూ, బీపీ మందులకూ, ఏడాదికొక రక్తపరీక్షకూ బీమా లేని మనిషి సొంత డబ్బు పెట్టుకోవాలి. మన ఆరోగ్యశ్రీ కూడా జబ్బుల జాబితా ఉన్న పథకమే, జాబితాలో ఉన్నవారికి ప్రాణం పోస్తుంది, జాబితా దాకా రాని దశలో ఉన్నవారిని చూడలేదు. అందువల్ల 'అందరికీ, అన్నిటికీ' అన్న మాట నాకు నినాదంలాగా వినిపించదు. రోజూ ఉదయం చూసే మనుషులు అందులో కనిపిస్తారు.

ఈ కొలతతో ఇద్దరి ప్రణాళికలూ చదివాను. లక్ష్యం ఒకటే, నడక వేరు. శాండర్స్ బిల్లు ఒకటే చట్టం. మొదటి ఏడాది పిల్లలనూ 55 దాటినవారినీ కలుపుకుని, తరువాత 45కు, 35కు దిగి, నాలుగో ఏడాదికి అందరినీ చేర్చుకుంటుంది. వారెన్ నవంబరులో ప్రకటించిన దారిలో రెండు చట్టాలున్నాయి. ముందు పిల్లలకూ పేదలకూ ఉచితంగానూ, మిగతావారు కోరుకుంటే డబ్బు కట్టి చేరేలాగానూ ప్రభుత్వ బీమా ఇచ్చి, మూడో ఏడాది ముగిసేలోగా పూర్తి చట్టం తెస్తామన్నారు. రెండో చట్టం వచ్చే నాటికి మధ్యలో ఒక ఎన్నిక వస్తుంది, సభ చేతులు మారవచ్చు. సగం కట్టిన వంతెనలను మన వంశధార మీదా, నాగావళి మీదా చూసిన వాళ్లం కదా. నాకు ఒకే చట్టం మీద నమ్మకం ఎక్కువ. ఆమె వేసిన అంచెల లెక్క తెలివైనదని ఒప్పుకుంటూనే చెబుతున్నాను.

గుండెపోటు సంగతి. స్టెంటు వేయించుకున్నవారు పనికిరారనడం సరికాదు, మా ఆసుపత్రిలో పనిచేసే పెద్దవారిలోనే ఉన్నారు. శాండర్స్ గుండెపోటు వచ్చిన రెండు వారాలకు ఒహాయోలో చర్చావేదిక మీద మూడు గంటలు నిలబడ్డారు, డిసెంబరు చివర ముగ్గురు వైద్యుల లేఖలు విడుదల చేశారు. అయినా మీవారి ఆందోళనను తేలికగా తీసుకోను. 78 ఏళ్ల గుండె 78 ఏళ్ల గుండే. ఆ ఇంట్లో ఆ మాట అనేవారు ఒకరుండటం మంచిది. ఆయన వయసు మీద ఓటు వేయాలా, ఆయన బిల్లు మీద వేయాలా అంటే నేను బిల్లు మీద వేస్తాను, అధ్యక్షుడు పోయినా చట్టం ఉంటుంది కనుక.

మహిళల ఫిర్యాదుల గురించి మీరు రాసింది చదివి మనసు కలుక్కుమంది. దాన్ని పక్కన పెట్టమని నేను చెప్పను. పక్కన పెట్టకుండానే ఓటు వేయవచ్చు.

బెలగాం (పార్వతీపురం), ఫిబ్రవరి 1

ఓట్లు చీలడం గురించి ఎవరూ లెక్క చెప్పలేదు కనుక నేను చెబుతాను. డెమొక్రాటిక్ ప్రైమరీల్లో గెలిచినవాడికే మొత్తం దక్కే పద్ధతి లేదు, ఓట్ల నిష్పత్తిలో డెలిగేట్లు వస్తారు. అయితే 15 శాతం దాటనివారికి ఏమీ రాదు. ఇద్దరూ 15 దాటే చోట మీ రెండు ఓట్లూ వేర్వేరు వైపు పడినా నష్టం లేదు, ఇద్దరి డెలిగేట్లూ మహాసభలో ఒకే వైపు చేయి ఎత్తవచ్చు. ఒకరు 14 దగ్గర ఆగిపోయే చోట ఆ ఓట్లు వృథా. మీరు భార్యాభర్తలు మాట్లాడుకోవలసింది ఎవరు గొప్ప అన్నది కాదు, మార్చి మొదటి వారానికి ఎవరు ఆ గీత దాటేలా ఉన్నారన్నది. 2000 సంవత్సరంలో ఫ్లోరిడాలో మూడో పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు 97 వేల ఓట్లు వచ్చి, రిపబ్లికన్ బుష్ 537 ఓట్లతో గెలిచిన భయం ఇంకా అక్కడ అందరినీ వెంటాడుతోందని తెలుసు. కానీ అది అసలు ఎన్నిక, మూడో పార్టీ. ఇప్పుడు జరుగుతున్నది ఒక పార్టీ లోపలి ఎంపిక, ఆ పోలిక ఇక్కడ కుదరదు. సూపర్ డెలిగేట్ల మీద మీకున్న బాధకు 2018లో కొంత మందు వేశారు, మొదటి విడత ఓటింగులో ఫలితాన్ని వారు మార్చలేరు.

మళ్లీ నిలబడటం గురించి మా ఊరికి సొంత జ్ఞాపకం ఉంది. 1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానంలో వి.వి.గిరి గారు ఓడిపోయారు. రిజర్వుడు స్థానానికి నిలబడిన గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర గారు ఎక్కువ ఓట్లతో జనరల్ స్థానాన్ని దక్కించుకున్నారు, గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా తీర్పు మారలేదు. ఆ ఓడిన మనిషి 1969లో స్వతంత్రుడిగా, వామపక్షాల మద్దతుతో రాష్ట్రపతి అయ్యారు. ఎలా అయ్యారో చూడండి. మొదటి లెక్కింపులో గిరి గారికి 4,01,515, నీలం సంజీవరెడ్డి గారికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్ గారికి 1,12,769 విలువైన ఓట్లు. ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపితే గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. దేశ్‌ముఖ్ ఓటర్లలో ఎక్కువమంది రెడ్డి గారినే రెండో పేరుగా రాసినా గిరి గారు గట్టెక్కారు. ఆనాడు ఓడిన సంజీవరెడ్డి గారు 1977లో మళ్లీ నిలబడితే పోటీయే లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఎనిమిదేళ్లలో మనిషి మారలేదు, చుట్టూ దేశం మారింది.

మీ ఓటుపత్రంలో రెండో పేరు రాసే వీలు లేనట్లుంది. అయోవాలో ఓటర్లు సభలుగా కూడి ఎంచుకుంటారు కనుక అలాంటి వీలుంది, 15 శాతం రాని అభ్యర్థి మనుషులు లేచి మరొకరి వైపు వెళ్లి నిలబడవచ్చు. అక్కడ వారెన్ మనుషులు ఎటు నడుస్తారో, శాండర్స్ మనుషులు ఎటు నడుస్తారో చూసి నిర్ణయించుకోండి.

మూడులాంతర్లు (విజయనగరం), ఏప్రిల్ 11

ఇంత ఆలస్యంగా తిరిగి వచ్చినందుకు అందరూ మన్నించాలి. లాక్‌డౌన్‌లో అత్తగారి మందుల కోసం తిరగడంతోనే రోజులు గడిచిపోయాయి. మీరు శ్రమ తీసుకుని రాసిన దానికి, మేము ఏం చేశామో చెప్పడం నా బాధ్యత.

నేను మార్చి 3 రాత్రి శాండర్స్‌కు ఓటు పంపాను. నన్ను కదిలించింది ఉద్దానం సోదరి రాసిన మాట, కిడ్నీ చెడిపోయిన తరువాత ప్రభుత్వం వస్తుందన్నది. మావారు పార్వతీపురం పెద్దాయన లెక్కను ఒకటికి రెండుసార్లు చదివారు. అయినా మరునాడు ఉదయం వారెన్‌కే పంపారు. మిల్లు కార్మికుడిగారి అనుభవం తన తండ్రిగారి అనుభవమేనని ఆయన అన్నారు, అంతకుమించి చెప్పలేదు. అప్పటికే చాలా రాష్ట్రాలు ఒకే రోజు ఓటు వేసే సూపర్ ట్యూస్‌డే ఫలితాలు వస్తున్నాయి. 14 రాష్ట్రాల్లో మరో అభ్యర్థి జో బైడెన్ 10 గెలిచారు, వారెన్ సొంత మసాచుసెట్స్‌లో మూడో స్థానంలో నిలిచారు. మార్చి 5న ఆమె విరమించుకున్నారు. పంపిన ఓటును వెనక్కి తీసుకునే వీలు లేదు. తరువాత విదేశీ ప్రైమరీ ఫలితం ప్రకటించినప్పుడు శాండర్స్‌కు సగానికి పైగా ఓట్లతో 9 డెలిగేట్లు, బైడెన్‌కు 4 డెలిగేట్లు వచ్చారు. వారెన్ 14 శాతం దగ్గర ఆగారు. పార్వతీపురం నుంచి రాసిన ఆ అంకె చూసి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఆ రాత్రి నేను ఆ విషయం ఎత్తలేదు.

మొన్న 8న శాండర్స్ కూడా ప్రచారం ఆపేశారు. ఇంటి నుంచే మాట్లాడారు. మిగిలిన రాష్ట్రాల ఓటుపత్రాల్లో తన పేరు ఉంటుందని, పార్టీ కార్యక్రమాన్ని ప్రభావితం చేయడానికి డెలిగేట్లను పోగుచేస్తానని అన్నారు. మావారు పక్కనే కూర్చుని పూర్తిగా విన్నారు. 2016లో ఆయన ఓడినప్పుడు ఏడ్చాను కానీ ఈసారి కన్నీళ్లు రాలేదు, ఎందుకో ఇంకా నాకే తెలియదు.

ఒక్క విషయం ఉద్దానం సోదరికి చెప్పాలి. న్యూజెర్సీలో మా పాత పొరుగింటివారు గత వారం ఫోన్ చేశారు. ఆయన పనిచేసే హోటల్ మూసేశారు, ఉద్యోగంతోపాటు ఇంటిల్లిపాది బీమా పోయింది, ఆవిడకు షుగరు. ఇన్సులిన్ ఎన్ని వారాలకు ఉందో లెక్కపెట్టుకుంటున్నారు. ఫోన్ మావారే మాట్లాడారు. పెట్టేసి చాలాసేపు డాబా మీద నడిచి, కిందికి వచ్చి, నవంబరు ఎన్నికకు న్యూజెర్సీ నుంచి ఓటుపత్రం కోసం ఎప్పుడు దరఖాస్తు చేయాలని అడిగారు. ఇద్దరివీ నిన్ననే నింపాము.